ఉత్తరం ఒకటే, చదివేవారు ఇరవైమంది



బదిలీ ఉత్తర్వు వస్తే మన సామాను లారీ ఎక్కుతుంది. స్నేహితులు మాత్రం ఆ ఊళ్లోనే ఉండిపోతారు. "రోజూ మెసేజ్ పెడతా" అని అందరం మాట ఇస్తాం. కొన్నాళ్లకు అది "హాయ్", "ఏంటి సంగతులు", "ఏమీ లేవు" దగ్గర ఆగిపోతుంది. స్నేహం తగ్గి కాదు. ఇద్దరికీ కలిసిన బడి, బస్సు, మైదానం ఇప్పుడు లేవు కాబట్టి. దీనికి మనకు తెలిసిన మందు ఒకటుంది: పాత స్నేహితులందరికీ నెలకొకసారి ఈ-మెయిల్‌లో పంపే ఉత్తరం.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. ప్రధాని నెహ్రూ 1947 అక్టోబరులో మొదలుపెట్టి 1963 వరకు ముఖ్యమంత్రులందరికీ క్రమం తప్పకుండా ఉత్తరాలు రాశారు. అంతకుముందు 1928 వేసవిలో, ముస్సోరీలో ఉన్న పదేళ్ల ఇందిరకు భూమి పుట్టుక గురించి రాస్తూ, చేతిలో పట్టుకోగల గులకరాయితో మొదలుపెట్టారు. ఎవరికి రాస్తున్నామో వారికి తెలిసిన వస్తువుతో మొదలుపెట్టాలన్న పాఠం అందులో ఉంది.

ముందుగా, 'విషయం' అన్న గడి. ఫోన్‌లో మొదట కనిపించేది అదే, అదీ కొన్ని మాటలే. "జనవరి ఉత్తరం" అని పెడితే 'తరువాత చూద్దాం' అనుకుంటారు. "అస్సాంలో అరిసెకు చుట్టం" అని పెట్టండి. ఎవరా చుట్టం అని తెరుస్తారు. అయితే పైన ఊరించిన సంగతి లోపల తప్పక ఉండాలి. ఒకసారి మోసపోయినవారు రెండోసారి తెరవరు.

మన పెద్దవాళ్లు ఉత్తరంలో "ఉభయకుశలోపరి" అని ఒక్క మాట రాసి అసలు సంగతికి వచ్చేవారు. ఇన్‌లాండ్ లెటర్‌లో చోటు తక్కువ మరి! మనమూ పలకరింపు ఒక్క వాక్యంలో ముగిద్దాం.

ఆ పైన ఒక్క సంగతే ఎంచుకుని బాగా చెప్పాలి. నెలంతా ఏం జరిగిందో వరుసగా రాస్తే హాజరుపట్టీలా ఉంటుంది. "ఇక్కడ చలి ఎక్కువ" అంటే ఎవరికీ ఏమీ కనిపించదు. "కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టింది, చెంచా కాడతో తీసుకుంటున్నాం" అంటే చెన్నైలో ఉన్న స్నేహితుడికి కూడా చలేస్తుంది. మన సంక్రాంతి రోజుల్లోనే అస్సాంలో మాఘ బిహూ. అప్పుడు తిల్ పిఠా చేస్తారు. బియ్యప్పిండి, నువ్వులు, బెల్లం మన అరిసెలోనూ ఉన్నవే. కాకపోతే అరిసె నూనెలో వేగుతుంది, పిఠా పెనం మీద కాలుతుంది. ఇలా కొత్త ఊరిని పాత ఊరితో ముడివేస్తే చదివేవారికి దారి దొరుకుతుంది.

ఇరవైమందికి పంపినా ఒక్కరితో మాట్లాడుతున్నట్టే రాయండి. "మీకందరికీ తెలియజేయునది" అంటే నోటీసు అవుతుంది. "నువ్వు చూసి ఉంటే నవ్వేదానివి" అంటే ఉత్తరం అవుతుంది. చివర ఒక్క ప్రశ్న వదలండి. "ఎలా ఉన్నారు?" అంటే "బాగున్నాం" అనే జవాబే వస్తుంది. "మన బడి వెనక చింతచెట్టు ఈ ఏడు కాసిందా?" అంటే ఎవరో ఒకరు వెళ్లి చూసి వస్తారు.

పంపేముందు కొన్ని జాగ్రత్తలు. ఇంట్లో పెద్దల అనుమతి తీసుకోండి. చిరునామాలన్నీ 'బీసీసీ' గడిలో పెడితే ఒకరి చిరునామా ఇంకొకరికి కనబడదు. ఇంకొకరి ఫొటో వారిని అడగకుండా పంపవద్దు. అమ్మానాన్నల ఉద్యోగ వివరాలు, క్వార్టర్ నంబరు, ప్రయాణ తేదీలు రాయవద్దు. సైన్యంలోనూ భద్రతా దళాల్లోనూ పనిచేసేవారి పిల్లలకు ఇది మరీ ముఖ్యం. ఎవరైనా వద్దంటే నొచ్చుకోకుండా వారి పేరు తీసేయండి.

తెలుగు స్నేహితులకు తెలుగులోనే రాయండి. ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఉంది. ల-ళ, న-ణ తేడాలు ఒకసారి సరిచూసుకుంటే చాలు. బడిలో తెలుగు పీరియడ్ లేని ఊరికి వెళ్లినప్పుడు మన అక్షరాలు చేతిలో నిలిచేది ఇలాంటి ఉత్తరాలతోనే.

ప్రతి నెలా మొదటి ఆదివారం అని ఒక రోజు పెట్టుకోండి. పది వాక్యాలైనా చాలు, తప్పకపోతే చాలు. ఈ ఆదివారం ఎవరికి రాస్తారో ఇప్పుడే పేర్లు రాసుకోండి.