విరేచనముల పానీయములలో దాగిన పంచదార

నాట్ల దినములలో బిడ్డకు నీళ్లవిరేచనములు పట్టుకొన్నచో తల్లి మందుల దుకాణమునకు పోయి ఓ.ఆర్.ఎస్. ఇమ్మని యడుగును. పెక్కేండ్లుగా పలుచోట్ల ఆమె చేతికి వచ్చినది పొడి పొట్లమునకు బదులు, పండ్ల బొమ్మ గల చిన్న అట్టడబ్బా. పైనున్న యక్షరములు అవియే గాన ఆమె సందేహింపలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన పొట్లమునందు లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోసు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాసియం క్లోరైడు, 2.9 గ్రాముల సోడియం సిట్రేటు ఉండును. ఉప్పును గ్లూకోసును జతగూడి పేగు గోడను దాటునపుడు నీటిని తమ వెంట లోనికి గొనిపోవును. ఇందులకు కొలది తీపియే చాలును. డబ్బా పానీయములు కొన్నింటిలోనో, లీటరునకు సుమారు 120 గ్రాముల పంచదార యున్నట్లు తేలినది. దాదాపు తొమ్మిది రెట్లు!

ఇంత తీపి చేయు కీడు రైతునకు సులభముగనే తెలియును. మొక్క మొదట యూరియా కుప్పగా పడినచో, నేలలో తడి యున్నను మొక్క మాడిపోవును. చిక్కని ఎరువునీరు వేళ్లలోని నీటినే వెలికి లాగును గదా. పేగులో మిక్కుటమైన పంచదారయు నట్లే ఒంటిలోని నీటిని పేగులోనికి లాగి విరేచనములను హెచ్చించును. పసిబిడ్డల కిది ప్రాణాపాయము.

హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేండ్లు పోరాడిరి. తుదకు 2025 అక్టోబరు 14వ తేదీన భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ఇట్టి పానీయముల పేర్లలో ఆ మూడక్షరములు వాడరాదని యుత్తరువు చేసెను. 2022లో ఒక హెచ్చరిక ముద్రించి వాడుకొన వచ్చునని యనుమతించినదియు ఆ సంస్థయే. డబ్బా మీది ఇంగ్లీషు హెచ్చరికను చదువువారు మన యూళ్లలో నెందఱు?

పేరు మాఱినంత మాత్రమున పంచదార తగ్గదు. డబ్బా వెనుక 100 మిల్లీలీటర్లకు చక్కెర యెంతయో వ్రాసియుండును. బడికి పోవు పిల్లచేత చదివించి, దానిని పదిరెట్లు చేసి చూచుకొనుడు. పొడి పొట్లములు ఆశా కార్యకర్తల యొద్ద ఉచితముగ దొరకును. పొట్లము మీద చెప్పినంత నీటిలోనే దానిని కలుపవలెను.

పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆఱు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి, కలుపుడు. ఇంటి పంచదారలో గ్లూకోసు సగమే గాన ఈ లెక్క సరిపోవును. ఉప్పు మాత్రము మించరాదు. చనుబాలు మాన్పరాదు. కన్నులు లోతుకు పోయి, బిడ్డ త్రాగలేక మగతగా నున్నచో, చెంచాలు కొలుచుచు గూర్చుండక తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను.