చక్రం మారిస్తే బండి మారుతుంది



వేసవి వచ్చిందంటే చాలు, ఇక్కడి ఫ్రీవేల మీద రకరకాల మోటారు సైకిళ్ళు కనిపిస్తాయి. వాటిలో కొన్ని మరీ విచిత్రంగా ఉంటాయి. ముందు చక్రం సైకిలు చక్రంలా సన్నగా, ఎత్తుగా ఉంటుంది. వెనక చక్రమేమో జానెడు వెడల్పున, కారు చక్రంలా ఉంటుంది. కంపెనీ ఇచ్చిన బండిని యజమాని తన ఇష్టప్రకారం మార్పించుకుంటే దాన్ని కస్టమ్ బండి అంటారు. "నాన్నా, ఆ చక్రాలు అలా ఎందుకున్నాయి?" అని మీరు వెనక సీట్లోంచి అడిగితే "స్టైలు కోసం" అని జవాబు వస్తుంది. అది తప్పు కాదు గాని, సగం జవాబే. మిగతా సగం ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

మనకెందుకీ గొడవ అనుకోకండి. మన బడిలో అఆలు దిద్దిన పిల్లలు కొందరు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. బండి కొనుక్కునే వయసు వచ్చేసింది. అటు మన ఊళ్ళలో తమ్ముళ్ళు, మేనల్లుళ్ళు బుల్లెట్టు కొన్న మర్నాటి నుంచీ లావు టైర్లు వేయించాలని ఉబలాటపడతారు. ఖర్చు కోసం అమెరికాలో ఉన్న అన్నయ్యకో మావయ్యకో ఫోను చేస్తారు. ఆ బండి మీద రేపు వాళ్ళే కాదు, వెనక సీటు మీద భార్యో, చెల్లెలో, పసిబిడ్డో కూర్చుంటారు. అంచేత డబ్బు పంపేముందు నాలుగు లెక్కలు తెలిసి ఉండటం మంచిది. గుణకారం, శాతాలు, కోణాలు వస్తే చాలు.

టైరు మీది అంకెలు

ముందుగా టైరు మీద రాసి ఉన్న అంకెలు చదవడం నేర్చుకుందాం. 130/90-16 అని ఉందనుకోండి. 130 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 90 అంటే రిమ్ము నుంచి పైకి లేచే టైరు గోడ ఎత్తు, ఆ వెడల్పులో 90 శాతం అని. అంటే 117 మి.మీ. చివరి 16 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే టైరు మీద మిల్లీమీటరు, శాతం, అంగుళం మూడూ కలిసి కాపురం చేస్తున్నాయన్న మాట!

ఇప్పుడు చక్రం మొత్తం ఎత్తు ఎంతో చూద్దాం. అంగుళానికి 25.4 మి.మీ. చొప్పున రిమ్ము 406 మి.మీ. దానికి పైనొక గోడ, కిందొక గోడ, అంటే 234 కలపాలి. మొత్తం 640 మి.మీ.

ఇదే లెక్క 240/40-18 టైరుకి వేయండి. రిమ్ము 457, రెండు గోడలు 192, మొత్తం 649. రిమ్ము రెండంగుళాలు పెరిగినా చక్రం ఎత్తు పెరిగింది 9 మి.మీ. మాత్రమే. కాబట్టి రిమ్ము సైజు చూసి మోసపోకూడదు. మూడంకెలూ కలిపి చూడాలి.

కిరాణా బండి చెప్పే పాఠం

కిరాణా దుకాణంలో సామాను తోసుకెళ్ళే బండి ముందు చక్రాలు ఎప్పుడైనా గమనించారా? బండిని ఎటు తోస్తే చక్రం అటు తిరిగి, తన ఇరుసు కీలుకి వెనకగా చేరి, బుద్ధిగా అనుసరిస్తుంది. మోటారు సైకిలు ముందు చక్రం కూడా అలాంటిదే. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు నిలువుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. హ్యాండిల్ ఏ అక్షం మీద తిరుగుతుందో ఆ అక్షాన్ని గీతగా నేలదాకా పొడిగిస్తే, టైరు నేలని తాకే చోటుకి కొంచెం ముందు తగులుతుంది. ఈ రెండు చోట్ల మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. బండి ఎలా నడుస్తుందో చెప్పే కొలతల్లో ఇది చాలా ముఖ్యమైనది.

ట్రెయిల్ ఎక్కువైతే తిన్నని రోడ్డు మీద బండి రైలులా పోతుంది కాని, నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు హ్యాండిల్ బరువెక్కి ఒక పక్కకి పడిపోతుంటుంది. ట్రెయిల్ తక్కువైతే చిటికెన వేలితో తిప్పొచ్చు కాని, వేగం పెరిగేకొద్దీ బండి అదిరినట్టు, అటూ ఇటూ కొట్టుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. హార్లీ తరహా బండికి ముందు 130/90-16 తీసేసి, సన్నని 80/90-21 వేయించడం చాలా పాత ముచ్చట. 1969లో వచ్చిన ఈజీ రైడర్ సినిమాలో జెండా రంగుల బండి ఈ పోకడని ప్రపంచమంతటికీ చూపించింది. ఆ సినిమా బండ్లు తయారుచేయడంలో క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఆఫ్రికన్ అమెరికన్లది ముఖ్యమైన పాత్ర. వాళ్ళ పేర్లు మాత్రం చాలా ఏళ్ళ తర్వాత గాని జనానికి తెలియలేదు.

ఈ మార్పుతో చక్రం ఎత్తు 640 నుంచి 677కి పెరుగుతుంది. వ్యాసార్థం 18 మి.మీ. పైచిలుకు పెరిగినట్టు. ఫోర్కు వాలు 32 డిగ్రీలు, ట్రెయిల్ 147 మి.మీ., రెండు ఇరుసుల మధ్య దూరం 1630 మి.మీ. ఉన్న బండికి లెక్క కట్టి చూద్దాం. వ్యాసార్థం పెరిగినందుకే ట్రెయిల్ సుమారు 12 మి.మీ. పెరుగుతుంది. అంతటితో ఆగదు. బండి ముక్కు పైకి లేస్తుంది కనుక ఫోర్కు ఇంకో 0.65 డిగ్రీ వెనక్కి వాలుతుంది, దానివల్ల మరో 5 మి.మీ. చేరుతుంది. మొత్తం మీద 147 కాస్తా 163 దాటుతుంది. అంటే పదకొండు శాతం పైమాటే. పార్కింగు లాట్లో బండి తిప్పుకునేవాడికి ఈ తేడా భుజాల్లో తెలుస్తుంది.

మన బుల్లెట్టు సంగతి దీనికి తలకిందులు. పాత బుల్లెట్టుకి ముందూ వెనకా 3.25-19 టైర్లే ఉండేవి. 2021లో వచ్చిన క్లాసిక్ 350కి ముందు 100/90-19, వెనక 120/80-18. ముందు చక్రం ఎత్తు 663 మి.మీ. దాన్ని తీసేసి స్పోర్ట్స్ బండిలా కనిపించాలని 110/70-17 వేస్తే ఎత్తు 586కి పడిపోతుంది. వ్యాసార్థం 38 మి.మీ. తగ్గింది. ఫోర్కు వాలు 26 డిగ్రీలనుకుంటే ఇందుకే ట్రెయిల్ సుమారు 19 మి.మీ. తరుగుతుంది. ముక్కు కిందికి దిగి ఫోర్కు నిటారు కావడం వల్ల ఇంకొంత తరుగుతుంది. పైగా ఇంజను కిందిభాగం నేలకి దగ్గరవుతుంది. మన ఊళ్ళలో స్పీడు బ్రేకర్లు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా?

బొంగరం పట్టుదల

తిరిగే బొంగరం పడిపోదు. పక్కకి నెడితే మొండికేస్తుంది. తిరిగే చక్రం కూడా అంతే. సైకిలు ముందు చక్రం విప్పి, ఇరుసు రెండు చివర్లా పట్టుకోండి. ఇంకొకరిని గట్టిగా తిప్పమని, అప్పుడు పక్కకి వంచి చూడండి. చెయ్యి మెలి తిరుగుతుంది. (చువ్వల్లో వేళ్ళు పెట్టకండి. పెద్దవాళ్ళు పక్కనుండాలి.)

ఒకే వేగంతో పోతున్నప్పుడు ఈ పట్టుదల అంచున ఉన్న బరువుని బట్టీ, చక్రం వ్యాసార్థాన్ని బట్టీ పెరుగుతుంది. అందుకే సన్నని, తేలికైన 21 అంగుళాల చక్రం అంతగా ఇబ్బంది పెట్టదు. అదే 26, 30 అంగుళాల బరువైన లోహపు చక్రం వేస్తే, బండిని ఒక పక్క నుంచి మరో పక్కకి వాల్చడానికి బాగా శ్రమపడాలి. గోతిలో పడ్డప్పుడు ఆ బరువునంతా అదుపు చెయ్యాల్సింది స్ప్రింగులే.

బండి పడిపోకుండా ఉండటానికి బొంగరం గుణమూ ట్రెయిలూ రెండే కారణాలని చాలాకాలం అనుకున్నారు. 2011లో అమెరికాలోని కార్నెల్, హాలెండులోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల వాళ్ళు కలిసి ఈ రెండూ లేకపోయినా తనంతట తాను నిలబడే సైకిలు నమూనా తయారుచేసి, సైన్స్ పత్రికలో ప్రచురించారు. బరువు ఎక్కడెక్కడ ఉందన్నదీ ముఖ్యమే. ఒక్క కొలత పట్టుకుని బండి నడతని తేల్చెయ్యలేం.

లావు టైరు అసలు ఖరీదు

మలుపులో బండిని లోపలికి వాల్చాలని అందరికీ తెలుసు. టైరు దారంలా సన్నగా ఉంటే, 60 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోవడానికి 25 డిగ్రీలు వాలితే చాలు. కాని నిజం టైరుకి వెడల్పు ఉంది. బండి వాలగానే టైరు నేలని తాకే చోటు లోపలి పక్కకి జరిగిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి ఇంకొంచెం వాలాలి. బండీ మనిషీ కలిసిన గరిమనాభి నేలకి 600 మి.మీ. ఎత్తున ఉందనుకుంటే, 130 మి.మీ. గుండ్రటి టైర్లకి 28 డిగ్రీలు కావాలి, 240 మి.మీ. టైర్లకి 31 కావాలి. మూడు డిగ్రీలేగా అనకండి. కిందికి ఉండే క్రూయిజర్ బండ్లలో చాలావాటికి ముప్ఫై డిగ్రీలకి అటూ ఇటూగా కాళ్ళు పెట్టుకునే పలక నేలని గీరుకుంటుంది. అదే మలుపు, అదే వేగం. మొన్నటిదాకా సాఫీగా దాటిన బండి ఇవాళ రోడ్డుని రాసుకుంటుంది.

వెనక టైరు ఒక్కటే లావైతే ఈ తేడా కొంత తగ్గుతుంది. కాని ఇంకో చిక్కు వస్తుంది. మలుపులో వెనక టైరు తాకే చోటు బాగా లోపలికి జరుగుతుంది, ముందుది కొంచెమే జరుగుతుంది. రెండు చక్రాలూ ఒకే గీత మీద ఉండవు. బండి నిటారుగా లేవాలని చూస్తుంది. మలుపు పొడుగునా హ్యాండిల్‌ని నొక్కి పట్టుకునే ఉండాలి.

మరి కంపెనీ వాళ్ళు లావు టైర్లు వెయ్యడం లేదా అంటారేమో! వేస్తున్నారు. హార్లీ డేవిడ్‌సన్ ఫ్యాట్ బాయ్ 1990లో వచ్చినప్పుడు రెండు చక్రాలూ 16 అంగుళాలవే. 2018 మోడల్‌కి ముందు 160, వెనక 240 టైర్లు వచ్చాయి. ఆ ఏడాది వాళ్ళు టైర్లతో ఊరుకోలేదు, ఆ తరగతి బండ్లన్నిటికీ ఫ్రేమునే కొత్తగా తయారుచేశారు. మనం దుకాణానికి వెళ్ళి ఒక మధ్యాహ్నంలో మార్పించుకునేది ఒక్క టైరే. తేడా అక్కడుంది.

బ్రేకు, స్పీడోమీటరు

చక్రం ఎత్తు పెరిగితే బ్రేకు పట్టు తగ్గుతుంది. మన 640 నుంచి 677 ఉదాహరణలో, అంతే గట్టిగా బ్రేకు నొక్కినా రోడ్డు మీద పనిచేసే బలం అయిదున్నర శాతం తగ్గుతుంది. ఎంత గట్టిగా ఆపుతామో అంత భారం ముందు చక్రం మీదికి వస్తుందని గుర్తుంచుకోండి.

స్పీడోమీటరు చక్రం చుట్లు లెక్కపెట్టి వేగం చెబుతుంది. చక్రం చిన్నదైతే అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి. ముందు చక్రం నుంచి లెక్క తీసుకునే బండికి 663 బదులు 586 వేస్తే, నిజంగా 60లో పోతున్నా 68 అని చూపిస్తుంది. చక్రం పెద్దదైతే ఇంకా ప్రమాదం. 60 చూపిస్తూ అంతకన్నా వేగంగా పోతుంటుంది. ఏబీఎస్ ఉన్న బండ్లలో రెండు చక్రాల వేగాల్నీ పోల్చి చూసుకునే కంప్యూటరు కూడా తికమకపడొచ్చు. ఇండియాలో 125 సీసీ దాటిన కొత్త బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి.

మార్పించే ముందు

అలాగని ముచ్చట తీర్చుకోవద్దని కాదు. ముచ్చట తీర్చుకునే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి.

1. పాత చక్రం ఎత్తెంత, కొత్త చక్రం ఎత్తెంత? తేడా రెండు మూడు శాతం దాటుతుంటే ఆగి ఆలోచించండి.

2. ఆ టైరుకి తగిన వెడల్పు రిమ్ము ఉందా? ఇరుకు రిమ్ము మీద లావు టైరు వేస్తే నొక్కుకుపోయి దాని గుండ్రదనమే మారిపోతుంది.

3. చైనుకీ మడ్‌గార్డుకీ తగలకుండా చోటుందా? గోతిలో పడి స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు కూడా?

4. ఇద్దరు కూర్చున్నా మొయ్యగల టైరేనా? ఎంత బరువుకీ, ఎంత వేగానికీ పనికొస్తుందో టైరు మీదే రాసి ఉంటుంది.

5. చట్టం ఒప్పుకుంటుందా? ఇండియాలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్ణయించిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇక్కడైతే మీ రాష్ట్రం నిబంధనలూ, బీమా కంపెనీ షరతులూ చూసుకోవాలి.

అన్నిటికీ సరేనని జవాబు వస్తే మార్పించండి. మార్పించాక మొదటి వారం వెనక ఎవరినీ ఎక్కించుకోకుండా, ఖాళీ స్థలంలో నెమ్మదిగా తిప్పి, బ్రేకు వేసి చూసుకోండి. మీకు అలవాటైన బండి కాదది, కొత్త బండి.

పిల్లలూ, మీకు చిన్న ఇంటిపని. మీ ఇంటి కారు టైరు మీది అంకెలు రాసుకుని చక్రం ఎత్తు లెక్క కట్టండి. తర్వాత టేపుతో కొలిచి పోల్చండి. ఉదాహరణకి 205/55 టైరు, 16 అంగుళాల రిమ్ము అయితే 632 మి.మీ. రావాలి. కొలతలో కొంచెం తక్కువ వస్తుంది. ఎందుకో చెప్పగలరా? కారు బరువుకి టైరు కింద నొక్కుకుంటుంది, వాడగా వాడగా అరుగుతుంది కూడా. వచ్చే ఆదివారం బడికి వచ్చేటప్పుడు మీ లెక్క తీసుకురండి, బల్ల మీద అందరివీ పక్కపక్కన పెట్టి చూద్దాం.