చీకటి మేఘాలలో నక్షత్ర జననం

శీతకాలపు రాత్రులలో ఆకాశాన్ని పరికించేవారికి మూడు నక్షత్రాలు ఒకే వరుసలో కనిపిస్తాయి. మన పంచాంగాలలోని మృగశిర, ఆర్ద్ర నక్షత్రాలున్న ఓరియన్ మండలానికి ఇవి నడుము వంటివి. వాటికి దక్షిణాన మసక మచ్చవలె తోచేది నక్షత్రం కాదు. సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలోనున్న నీహారిక. నేటికీ తారలు పుడుతున్న చోటు అది.

నక్షత్రాల నడుమ ఉన్నది శూన్యమేనని చిరకాలం భావించారు. 1904లో జర్మన్ శాస్త్రజ్ఞుడు యోహానెస్ హార్ట్‌మన్ ఆ మూడింటిలో ఒకటైన మింటకా వర్ణపటాన్ని పరిశీలించాడు. అది పరస్పరం పరిభ్రమించే జంట తార. కనుక దాని వర్ణపటరేఖలు అటూ ఇటూ జరగాలి, జరిగాయి కూడా. కాని కాల్షియం రేఖ ఆ కదలికలో పాలుపంచుకోలేదు. అది తారది కాదు, తారకూ మనకూ నడుమనున్న వాయువుది!

ధూళి ఉనికి రూఢి కావడానికి మరికొంత కాలం పట్టింది. పాలపుంతలోని నల్లని ఖాళీలను విలియం హెర్షెల్ ఆకాశరంధ్రాలని తలచాడు. ధూళి తారల కాంతిని మసకబారుస్తుందని 1930లో రాబర్ట్ ట్రంప్లర్ నిరూపించాడు. వేదభాషలో అంతరిక్షాన్ని సూచించిన ‘రజస్సు’ శబ్దానికే తరువాత ధూళి అనే అర్థం స్థిరపడింది. ఇది యాదృచ్ఛికమే అయినా ముచ్చటైన విషయం.

మేఘపు ద్రవ్యరాశిలో ధూళి నూటికి ఒక వంతు మాత్రమే. తక్కినది దాదాపుగా హైడ్రోజన్, హీలియం. సిలికేట్లు, కర్బనాలతో కూడిన ఆ రేణువులు పొగకణాలంత సూక్ష్మమైనవి. పూర్వపు తారలు వెదజల్లిన పదార్థం నుండి ఏర్పడినవి. అయినా అవి చేసే పని గొప్పది. పొరుగు తారల అతినీలలోహిత కిరణాలను అడ్డుకొని మేఘానికి నీడనిస్తాయి. విడివిడిగా తిరిగే హైడ్రోజన్ పరమాణువులు ఆ రేణువులపై చేరి, జతకట్టి, అణువులవుతాయి. నీడలో వాయువు సుమారు -263 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబడుతుంది. వెచ్చని వాయువు వ్యాకోచించజూస్తుంది. చల్లారిన వాయువులో పీడనం తగ్గి గురుత్వాకర్షణ పైచేయి సాధిస్తుంది. మేఘం ముద్దలుగా విడి, లోనికి కుంగుతుంది. కుంగినకొద్దీ నడిమి భాగం వేడెక్కుతుంది. అక్కడ ఉష్ణోగ్రత కోటి డిగ్రీలకు చేరినప్పుడు హైడ్రోజన్ హీలియంగా మారుతూ శక్తినిస్తుంది. సూర్యునివంటి తారకు ఈ ప్రయాణం కోట్ల సంవత్సరాలది.

ధూళి దాచిన ఈ దృశ్యాలను పరారుణ కిరణాలు బయటపెడతాయి. అవి ధూళిని చాలావరకు దాటి రాగలవు. 2021 డిసెంబరులో ప్రయోగించిన జేమ్స్ వెబ్ దూరదర్శిని గ్రహించేది ముఖ్యంగా వాటినే. ఓరియన్ నీహారికలోని పసితారల చుట్టూ ధూళిచక్రాలున్నట్లు 1990వ దశకంలోనే హబుల్ దూరదర్శిని చూపింది. గ్రహాలు ఏర్పడేది అటువంటి చక్రాల నుండే. అయితే వాటికి గడువు తక్కువ. నీహారిక మధ్యనున్న నాలుగు ప్రచండ తారల కాంతి ఆ చక్రాలను హరించివేస్తున్నది. తమకు జన్మనిచ్చిన మేఘాన్ని సైతం చెదరగొడుతున్నది.