నా కాగితం నిండా సున్నాలే

“మేడం, నా కాగితం నిండా సున్నాలే!” అన్నాడు మా బృందంలో అందరికన్నా చిన్నవాడు. వాడికి తొమ్మిదేళ్లు, గిటార్ పట్టి మూడు నెలలు. గిటార్ స్వరలిపిలో స్వరం పక్కన సున్నా ఉంటే ఎడమచేత్తో ఏ మెట్టూ నొక్కకుండా తీగను ఖాళీగా మీటమని గుర్తు. వాడికది పరీక్ష పేపరు మీద మార్కులా కనిపించింది.

సికింద్రాబాద్‌లో మా మేడ మీద గదిలో ఆదివారం సాయంత్రాలు పదకొండు మంది క్లాసికల్ గిటార్లు పట్టుకు కూర్చుంటారు. గ్రేడ్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు, ఇద్దరు సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు, బ్యాంకులో రిటైరైన ఒకాయన. విడివిడిగా అందరూ బాగానే వాయిస్తారు. కలిపి కూర్చోబెట్టిన మొదటి రోజు మాత్రం రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు వినిపించింది.

తప్పు వాళ్లది కాదు, వాయిద్యం తీరే అంత. వయొలిన్ స్వరం కమాను ఆడినంతసేపూ సాగుతుంది. పదిమందిలో ఒకరు కాస్త వెనకబడ్డా ఆ ధారలో కలిసిపోతారు. గిటార్ స్వరానికి బలమంతా మీటిన క్షణంలోనే, ఆ తర్వాత సన్నగిల్లడమే. అందుకే వెంట్రుకవాసి తేడా కూడా చెవికి దొరికిపోతుంది. చెక్కభజనలో ఒక్కడి చెక్క ఆలస్యమైనా ఊరంతా వినేస్తుంది కదా, అలాగ.

తండ్రీ ముగ్గురు కొడుకులూ కలిసి వాయించే రొమెరో కుటుంబం కోసం స్పెయిన్ స్వరకర్త రోద్రిగో 1967లో నాలుగు గిటార్లకూ ఆర్కెస్ట్రాకూ ఒక కచేరీ కృతి రాశారు. ఒకే ఇంట్లో మసిలినవాళ్లకు ఊపిరి దానంతటదే కలుస్తుందేమో. మేం మాత్రం నేర్చుకోవాల్సి వచ్చింది. నెల రోజులపాటు క్లాసులో మొదటి పది నిమిషాలు గిటార్లు ముట్టనివ్వలేదు. చప్పట్లే. పాట ఎత్తుకునే మనిషి ఆ పాట నడిచే కాలంలోనే ఊపిరి పీల్చాలి, మిగతావాళ్లు ఆ భుజాలు లేవడం చూసి చప్పట్లు కొట్టాలి.

ఆ వడగళ్లనే సంగీతం చేసినాయన క్యూబా స్వరకర్త లియో బ్రౌవర్. 1939లో హవానాలో పుట్టారు. వానలో క్యూబా ఎలా ఉంటుందో 1984లో నాలుగు గిటార్లతో వినిపించారు. ఇక్కడో చినుకు, అక్కడో చినుకు. చినుకులు దగ్గరపడి జడివానవుతాయి, చివరికి వాన వెలుస్తుంది. అందరూ ఒక్కసారే మీటితే ఆ వాన కురవదు. మా వాళ్లకు అది వినిపించాకే కలవడం వేరు, కావాలని విడిపోవడం వేరని అర్థమైంది.

మా బృందానికి పాట రాసేటప్పుడు మరో చిక్కుంది. జపాన్‌లో నీబోరి గిటార్ ఆర్కెస్ట్రాకు సొప్రానో నుంచి కాంట్రాబాస్ దాకా రకరకాల సైజుల గిటార్లున్నాయి. మావన్నీ ఒకే సైజు. అందరూ ఒకే స్థాయిలో వాయిస్తే పెళ్లింట్లో మాటల్లా ఏదీ తెలియదు. అందుకని నాలుగు జట్లు చేశాను. పాట మొదటి జట్టుది, సన్నతీగల పై మెట్ల మీద. రెండోది నడుమ స్వరాలు నింపుతుంది. మూడోది బ్రిడ్జి దగ్గర మీటుతుంది, అక్కడ నాదం పదునుగా ఉంటుంది. నాలుగో జట్టంటే మా చిన్నవాడొక్కడే.

వాడికోసమే పాటను ఏ మైనర్‌లో రాశాను. గిటార్ లావు తీగలు మూడూ ఖాళీగా మీటితే ఇ, ఏ, డి పలుకుతాయి. ఏ షడ్జమం అనుకుంటే డి మధ్యమం, ఇ పంచమం. ఈ మూడూ ఉంటే పాటకు పునాది పడ్డట్టే. అయితే లావు తీగ సన్నగిల్లుతూనే కొన్ని సెకన్లు గుమ్మంటూ ఉంటుంది. ఆపకపోతే తర్వాతి స్వరాలు బురదవుతాయి. అందుకే విరామం గుర్తు రాగానే బొటనవేలు తిరిగి తీగ మీద ఆనించాలి. వాడికి మీటడం ఒక్కరోజులో వచ్చింది, ఆపడానికి మూడు వారాలు పట్టింది.

ఒక ఆదివారం వాడికి జ్వరం. మిగతా పదిమందీ మొదలుపెట్టారు. రెండో వరుసలోనే బ్యాంకాయన గిటార్ దించేశారు. “ఎక్కడున్నామో తెలియట్లేదమ్మా. ఆ బాబు వచ్చాకే వాయిద్దాం.”

మొన్న కొత్త పాట కాగితాలు పంచాను. ఈసారి వాడి భాగంలో రెండో వేలికీ మూడో వేలికీ పని పెట్టాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

“సున్నాలు తగ్గించేశారేంటి మేడం?”