వాచీ చెప్పే వేడి ఎవరిది?

డిసెంబరు తెల్లవారుజామున కట్టంగూర్‌లో చలికి వణుకుతుంటే, చేతికున్న స్పోర్ట్స్ వాచీ 27 డిగ్రీలు అనొచ్చు. ఎందుకు? దాని సెన్సార్ మణికట్టును ఆనుకునే ఉంటుంది కాబట్టి ఒంటి వేడి దానికీ తగులుతుంది. మే నెల ఎండలోనైతే నల్లటి వాచీయే కాగిపోయి, గాలి కంటే ఎక్కువ చూపిస్తుంది.

మనకు కావలసింది గాలి వేడి. అందుకే వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరును నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తున, గాలి ఆడే తెల్లని పెట్టెలో పెడతారు. ఆ పెట్టెను రూపొందించిన థామస్ స్టీవెన్సన్, ‘ట్రెజర్ ఐలాండ్’ రచయితకు తండ్రి!

మీరైతే వాచీ విప్పి, వేపచెట్టు నీడలో, గోడకూ బండకూ తగలకుండా అరగంట వేలాడదీసి చూడండి. విడి సెన్సార్ ఉంటే ఇంకా మంచిది. రేకుల కప్పు కింద మాత్రం పెట్టకండి.