ఇంటి నెట్‌వర్కులో వేగభేదము

మన గుణుపురమునకు పూర్వము చిన్నరైలు వచ్చుచుండెడిది. దాని పట్టాల నడిమి వెడల్పు రెండున్నర అడుగులు మాత్రమే. పర్లాకిమిడి సంస్థానమువారి పూనికతో ఈ మార్గము 1900 సంవత్సరమున నౌపడనుండి పర్లాకిమిడి వరకును, 1931లో గుణుపురము వరకును సాగినది. నౌపడయొద్ద మదరాసు–హౌరా పెద్దలైను కలదు. దాని వెడల్పు అయిదున్నర అడుగులు. పెద్దలైనుమీది పెట్టె చిన్నలైను నెక్కజాలదు. కావున సరకును నౌపడలో దింపి, నిలువయుంచి, చిన్నబండిలోని కెక్కింపవలసి వచ్చెడిది. 2004లో ఆ చిన్నలైను మూయబడి, పెద్దలైనుగా మార్పుచెంది, 2011లో గుణుపురమునకు మరల బండి వచ్చినది.

విద్యార్థులారా! ఇప్పుడు మన యిండ్లలో కంప్యూటరులను కలుపు నెట్‌వర్కునందును ఇట్టి చిక్కే యున్నది. క్రొత్త పరికరము కొని తెచ్చియు వేగము పెరుగలేదని వగచువారు ఈ వ్యాసమును చదివిన పిదప అంగడికి పోవుట మేలు.

కేబులు ద్వారా కంప్యూటరులను కలుపు ఈథర్‌నెట్ పద్ధతి 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమున ఆరంభమైనది. రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు దీనికి మూలపురుషులు. తరువాత జంటలుగా మెలిపెట్టిన తీగలపై సెకనుకు 10 మెగాబిట్ల వేగమునకు 1990లోను, 100 మెగాబిట్లకు 1995లోను, 1000 మెగాబిట్లకు 1999లోను ప్రమాణములు ఏర్పడినవి. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున 700 మెగాబైట్ల గ్రంథరాశిని ఒక యంత్రమునుండి మరియొకదానికి పంపుటకు మొదటి వేగమున తొమ్మిది నిమిషములకు పైగాను, రెండవదానియందు 56 సెకనులును, మూడవదానియందు ఆరు సెకనులలోపును పట్టవలెను. ఆచరణలో కొంత యెక్కువయే పట్టును.

పాత యిండ్లలో కంప్యూటరులను కలుపు పెట్టెను హబ్ అందురు. ఒక ద్వారమున వచ్చిన సంకేతమును తక్కిన ద్వారము లన్నిటికి అప్పటికప్పుడే పంపుట దాని పని. దానికి నిలువయుంచుకొను కొట్టు లేదు. కావున సామాన్యమైన హబ్ రెండు వేగములను కలుపజాలదు. ఉన్న వేగమును అందరును పంచుకొనవలసినదే. స్విచ్ అను క్రొత్త పెట్టె అట్టిది కాదు. అది నౌపడ స్టేషను వంటిది. వచ్చిన సమాచారమును దింపుకొని, నిలువయుంచి, చేరవలసిన ద్వారమునకు ఆ ద్వారపు వేగముననే పంపును. చిన్నరైలు మెల్లగా నడచినంతమాత్రమున హౌరా మెయిలు ఆలస్యము కానట్లే, ఒక పాత కంప్యూటరు మందగించినను తక్కినవానికి బాధ లేదు. కాని గుణుపురము చేరవలసిన సరకు చిన్నరైలు వేగముననే చేరును. ఈ యొక్క మాట గ్రహించినచో సగము చిక్కు విడిపోవును.

నా యనుభవమునే చెప్పెదను. మా యింట రెండు కంప్యూటరులును, 10 మెగాబిట్ల హబ్ ఒకటియు నుండెను. పాత తెలుగు వాచకముల ఛాయాప్రతులను ఒకదానియందు చేర్చి, మా అమ్మాయి చదువుకొను రెండవదానికి పంపుచుంటిని. ఆలస్యమునకు విసిగి, 1000 మెగాబిట్ల స్విచ్ కొంటిని. వేగము పెరిగినది గాని, చెప్పినదానిలో పదవవంతు మాత్రమే. అమ్మాయి కంప్యూటరు పాతబడినదని నిశ్చయించుకొని, అప్పు చేసియైనను క్రొత్తది కొనదలచితిని. అంతలో నాయొద్ద చదివిన కుఱ్ఱవాడొకడు వచ్చి, “మాస్టారూ, కేబులు చూచితిరా?” అని యడిగెను. ప్లగ్గు పరీక్షింపగా, ఎనిమిది తీగలలో నాలుగే బిగింపబడియున్నవి. కేబులు మార్చినంతనే వేగము వచ్చినది. ఆ చిన్న ప్రశ్న నన్ను అప్పుల బారినుండి కాపాడినది.

దీనికి కారణ మేమి? కేబులు తగిలింపగనే రెండు కొసల యంత్రములును తమ శక్తులను ఒకదానికొకటి తెలుపుకొని, రెండింటికి సాధ్యమైన అత్యధిక వేగమును ఎన్నుకొనును. దీనిని ఆటో నెగోషియేషన్ అందురు. 10, 100 మెగాబిట్లకు రెండు జంటల తీగలు చాలును. 1000కి నాలుగు జంటలును కావలయును. తీగలు కొరవడినచో చాల యంత్రములు 100కు దిగును. కొన్ని అసలు కలియనే కలియవు.

కావున పరీక్ష ఈ క్రమమున జరుపవలెను. మొదట కంప్యూటరులో నెట్‌వర్కు వివరములు తెరచి, అది 10, 100, 1000లలో దేనితో కలిసినదో చూడుడు. స్విచ్ ద్వారమువద్ద దీపపు రంగును దీనినే తెలుపును. ఏ రంగున కేమి యర్థమో దానితో వచ్చిన పుస్తకములో నుండును. రెండవది, వేగముగా కలిసిన యంత్రపు కేబులును మందయంత్రమునకు తగిలించి చూడుడు. వేగము వచ్చినచో దోషము కేబులుది. రానిచో అదే కేబులును వేఱొక ద్వారమున పెట్టి చూడుడు. కేబులు 100 మీటర్లకు మించరాదు. మూడవది, పాత హబ్ ఎక్కడనైన మధ్యలో మిగిలియున్నదేమో వెదకుడు. దాని వెనుకనున్న వన్నియు దాని వేగమునకే లోబడును.

నాలుగవది సూక్ష్మమైనది. రెండువైపుల ఏకకాలమున రాకపోకలు జరుగుటను ఫుల్ డ్యూప్లెక్స్ అనియు, ఇరుకు వంతెనపై ఎదురుబండి దాటువరకు ఆగినట్లు ఒక్కొక్కవైపే జరుగుటను హాఫ్ డ్యూప్లెక్స్ అనియు అందురు. ఒక కొసను చేతితో ఫుల్ డ్యూప్లెక్సుకు బిగించి, రెండవ కొసను ఆటోలో విడిచినచో, రెండవది హాఫ్ డ్యూప్లెక్సునకు దిగును. అప్పుడు దీపము వెలుగును, చిన్న పనులు సాగును. పెద్ద ప్రతులు మాత్రము నత్తనడక నడచును. రెండు కొసలను ఆటోయందే యుంచుట ఉత్తమము.

కడపట ఒక మాట. స్విచ్ ఇంటిలోపలి మార్గమును మాత్రమే విశాలము చేయును. బయటినుండి నెలసరి చందాకు వచ్చు వేగము 40 మెగాబిట్లయినచో, 1000 మెగాబిట్ల స్విచ్ దానిని 41 చేయజాలదు.

ఒక్కసారి ఒక్కదానినే మార్చి, ఫలితమును కాగితముపై వ్రాసికొనుడు. రెండింటిని కలిపి మార్చినచో ఏది కారణమో తెలియదు. మన కుటుంబములలో కంప్యూటరు కొనుట అనిన నెలల కూడబెట్టు. అట్టి ధనమును వెచ్చించుటకు ముందు, మార్గములో అన్నిటికంటె ఇరుకైన తావు ఏదియో వెదకుడు. తఱచు అది చవుకగా సరిచేయదగిన చోటనే యుండును.