గవర్నరు గారి బ్యాంకు ఖాతా



ఒక పెద్ద మనిషి పదవి ఊడింది, దాంట్లో ఒక ఆడపిల్ల ప్రసక్తి ఉందీ అంటే చాలు, ఆ కబురు వీధి కుళాయి దగ్గర నుంచి గుడి మంటపం దాకా పాకిపోతుంది. నాలుగు రోజులు చెవులు కొరుక్కుంటాం. ఆ తరువాత మరచిపోతాం. అసలు ఆ పదవి ఎలా పోయింది, ఎవరికి శిక్ష పడింది, ఎవరికి పడలేదు అని అడిగితే మాత్రం చెప్పేవాళ్ళు తక్కువ. ఇవాళ అలాంటి సంగతి ఒకటి తీసుకుని మొదటి నుంచీ చెప్పుకుందాం. ఇది అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో, 2008 మార్చి నెలలో జరిగింది. పదవి పోగొట్టుకున్నాయన పేరు ఎలియట్ స్పిట్జర్. ఆ రాష్ట్ర గవర్నరు.

గవర్నరు అనగానే మనకి రాజ్‌భవన్ గుర్తుకొస్తుంది. అక్కడి గవర్నరు అలా కాదు. ఆయన్ని ప్రజలే నేరుగా ఓట్లేసి ఎన్నుకుంటారు. మన ముఖ్యమంత్రి చేసే పనులన్నీ ఆయన చేస్తాడు. స్పిట్జర్ గారికి 2006 ఎన్నికల్లో నూటికి 69 ఓట్ల దాకా వచ్చాయి. అంత నమ్మకం ఎందుకు కలిగిందంటే, అంతకు ముందు 1999 నుంచి 2006 దాకా ఆయన ఆ రాష్ట్రానికి అటార్నీ జనరల్‌గా పనిచేశాడు. అనగా ప్రభుత్వం తరఫున కేసులు నడిపే పెద్ద న్యాయాధికారి అన్న మాట. షేర్ల వ్యాపారం చేసే మహా మహా కంపెనీలు సామాన్యుల్ని మోసం చేస్తున్నాయని వాటి ఉత్తర ప్రత్యుత్తరాలు, లెక్కలు బయటికి లాగాడు. 2002లో మెరిల్ లించ్ అనే పెద్ద కంపెనీ 10 కోట్ల డాలర్లు కట్టుకుని రాజీపడింది. పేపర్లవాళ్ళు ఆయన్ని వాల్ స్ట్రీట్ పోలీసు అని పిలిచేవాళ్ళు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. వ్యభిచార వ్యాపారం నడిపే ముఠాల మీద కూడా ఆయన కేసులు పెట్టాడు. 2007లో, గవర్నరయ్యాక, ఆడవాళ్ళని అమ్మేవాళ్ళని శిక్షించే కొత్త చట్టం మీద సంతకం చేశాడు. ఆ చట్టంలోనే డబ్బిచ్చి వెళ్ళే మగవాళ్ళకి కూడా శిక్ష పెంచారు. అంతకు ముందు ఎక్కువలో ఎక్కువ మూడు నెలల జైలు ఉండేది, దాన్ని ఏడాదికి పెంచారు. ఆ తరువాత ఏడాది తిరక్కుండానే ఆయన సంగతే బయటపడింది.

ఎలా బయటపడింది? ఎవరో గోడ దూకి చూసి చెప్పలేదు. బ్యాంకు చెప్పింది.

అమెరికాలో 1970 నుంచి ఒక చట్టం ఉంది. ఎవరైనా బ్యాంకులో 10,000 డాలర్లకు మించి నగదు వేసినా, తీసినా బ్యాంకు వాళ్ళు ప్రభుత్వానికి తెలియజెయ్యాలి. దొంగడబ్బు, లంచం డబ్బు ఎటు పోతోందో తెలుసుకోవడానికి పెట్టిన నియమం ఇది. సరే, పది వేలు దాటితేనే కదా చెబుతారు, తొమ్మిది వేలు ఇవాళ, తొమ్మిది వేలు ఎల్లుండి వేద్దాం అని ఎవరైనా తెలివితేటలు చూపించారనుకోండి. అలా తప్పించుకోవడానికి విడగొట్టడం కూడా నేరమే. అంతే కాదు, మొత్తం పది వేలు దాటకపోయినా సరే, వ్యవహారం తేడాగా కనబడితే బ్యాంకు ఒక అనుమానపు నివేదిక పంపాలి.

మనకీ ఇలాంటివి ఉన్నాయి సుమండీ. పెద్ద మొత్తంలో నగదు వేస్తే పాన్ నంబరు అడుగుతారు కదా. 10 లక్షలు దాటిన నగదు లావాదేవీలని మన బ్యాంకులు ఢిల్లీలోని కార్యాలయానికి తెలియజెయ్యాలి. కౌంటరులో అమ్మాయి అన్ని ప్రశ్నలు వేస్తోందేమిటని విసుక్కుంటాం గానీ, దాని వెనకాల ఉన్నది ఇదే.

స్పిట్జర్ గారు ఒక బూటకపు కంపెనీ ఖాతాకి డబ్బు పంపుతూ, దాన్ని చిన్న మొత్తాలుగా విడగొట్టాడనీ, తన పేరు కనబడకుండా చెయ్యమని అడిగాడనీ ఆనాటి పత్రికలు రాశాయి. బ్యాంకు వాళ్ళు నివేదిక పంపారు. గవర్నరు ఇలా చేస్తున్నాడంటే ఎవరో ఆయన్ని బెదిరించి డబ్బు గుంజుతున్నారేమో, లేక లంచాల వ్యవహారమేమోనని అధికారులు మొదట అనుకున్నారు. కూపీ లాగితే ఆ కంపెనీ వెనకాల ఎంపరర్స్ క్లబ్ అనే వ్యభిచార ముఠా ఉన్నట్టు తేలింది.

ఆ ముఠా ఎలా నడిచేదో వింటే మనసు చివుక్కుమంటుంది. హోటళ్ళకి నక్షత్రాలు ఇచ్చినట్టు అమ్మాయిలకి వజ్రాల గుర్తులు ఇచ్చేవాళ్ళు. వజ్రాలు ఎక్కువైతే గంటకి వెల ఎక్కువ. వెయ్యి డాలర్ల నుంచి ఐదు వేల పైచిలుకు దాకా పలికేది. చీరల కొట్లో కాగితం చీటీ అంటించినట్టు మనిషికి ధర చీటీ అంటించారన్న మాట.

కోర్టు అనుమతితో అధికారులు ఆ ముఠా టెలిఫోన్లు విన్నారు. 2008 ఫిబ్రవరి 13న న్యూయార్క్ నుంచి ఒక అమ్మాయిని వాషింగ్టన్ నగరంలో హోటలుకి పిలిపించుకున్న మనిషిని కోర్టు కాగితాల్లో తొమ్మిదో నంబరు ఖాతాదారు అని రాశారు. 4,300 డాలర్లు నగదుగా ఇచ్చాడనీ రాశారు. మార్చి 6న ముఠా నడిపిన నలుగురి మీద కేసు పెట్టారు. ఆ తొమ్మిదో నంబరు గవర్నరేనని మార్చి 10న న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. వెంటనే తప్పుకోకపోతే అభిశంసన పెడతామని శాసనసభలో ప్రతిపక్షం వాళ్ళు గడువు పెట్టారు. సొంత పార్టీ వాళ్ళు కూడా అడ్డం నిలబడలేదు. మార్చి 12న రాజీనామా ప్రకటించాడు. 17వ తేదీన డేవిడ్ పేటర్సన్ గవర్నరయ్యాడు. ఆయన ఆ రాష్ట్రానికి మొదటి నల్లజాతి గవర్నరు. చూపు దాదాపుగా లేని మనిషి.

ఇంతవరకూ రాజకీయం. ఇక మన ఆడవాళ్ళకి సంబంధించిన సంగతి.

మన వాళ్ళలో ఒక సామెత ఉంది, చెప్పేవి శ్రీరంగనీతులు అని మొదలవుతుంది. రెండో ముక్క మీకు తెలుసు, నేను చెప్పను. ఎందుకంటే అందులో ఒక కులం వాళ్ళ గుడిసెల పేరు ఉంది. గమనించారా? నీతులు చెబుతూ దొంగతనంగా దూరినవాడికి ఆ సామెతలో పేరే లేదు. నింద మాత్రం ఆ గుడిసెల మీద పడింది. న్యూయార్క్‌లోనూ దాదాపు అదే జరిగింది. రెండు మూడు రోజుల్లోనే ఆ అమ్మాయి పేరు, ఫోటోలు దేశమంతా అచ్చయ్యాయి. అప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్ళు. ముఠా నడిపినవాళ్ళు నేరం ఒప్పుకున్నారు. గవర్నరు మీద మాత్రం కేసు పెట్టడం లేదని 2008 నవంబరులో ప్రభుత్వ న్యాయవాదులు ప్రకటించారు. ప్రభుత్వ ధనం గానీ ఎన్నికల నిధి గానీ వాడినట్టు రుజువు లేదనీ, ఇలాంటి కేసుల్లో కేవలం ఖాతాదారు మీద సాధారణంగా కేసు పెట్టరనీ కారణాలు చెప్పారు. శిక్ష పెంచుతూ తను సంతకం చేసిన చట్టం తన దాకా రానే లేదు.

మన దేశంలో 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. సోదాలు జరిగినప్పుడు ఈ వృత్తిలో ఉన్న ఆడవాళ్ళ పేర్లు, ఫోటోలు పత్రికలు బయటపెట్టకుండా జాగ్రత్త పడాలని అందులో చెప్పింది. నేనీ ప్రసంగంలో ఆ అమ్మాయి పేరు చెప్పకపోవడం మీరు గమనించే ఉంటారు. ఆవిడ పేరు తెలియకపోతే మనకి ఈ కథలో అర్థం కానిది ఏమన్నా ఉందా?

ఇక ఆయన భార్య సిల్డా గారు. ఆవిడా హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివినావిడే. ముగ్గురు ఆడపిల్లలు. ఆ వారంలో రెండుసార్లు భర్త పత్రికలవాళ్ళ ముందుకొచ్చాడు, రెండుసార్లూ ఆవిడ పక్కనే నిలబడింది, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ముఖం చూసి లోకం రెండుగా చీలిపోయింది. ఎందుకు నిలబడిందని కొందరు, నిలబడక ఏం చేస్తుందని కొందరు. 2009లో మొదలైన ది గుడ్ వైఫ్ అనే టెలివిజన్ ధారావాహికకి ఇలాంటి భార్యల దృశ్యాలే ప్రేరణ. ఆ దంపతులు తరువాత విడిపోయారు. ఆ సంగతి 2013 డిసెంబరులో ప్రకటించారు. ఆ ఏడే ఆయన న్యూయార్క్ నగర ఆర్థికాధికారి పదవికి పార్టీలోపలి ఎన్నికలో నిలబడి కొద్ది తేడాతో ఓడిపోయాడు.

ఆవిడ నిలబడటం తప్పా ఒప్పా అని నేను తీర్పు చెప్పను. ఒక్కటి మాత్రం అడుగుతాను. తప్పు చేసినాయన మైకు ముందు నిలబడితే, మనమంతా పక్కనున్నావిడ ముఖం వైపు ఎందుకు చూశాం? ఆవిడ ఏడ్చిందా, చీదరించుకుందా, ఆవిడకి ముందే తెలుసా, ఇంట్లో ఏం లోటు చేసిందోనని ఎందుకు లెక్కలు కట్టాం? జవాబు చెప్పాల్సినవాడు ఒకడు, పరీక్షకి నిలబెట్టింది ఇంకొకరిని. మన వీధిలో, మన బంధువుల్లో ఇలాంటిది జరిగినా మొదట వచ్చే మాట "ఆవిడ సరిగా చూసుకుని ఉంటే" అన్నదే. ఆ మాట ఈసారి మీ ఇంటి అరుగు మీద వినబడితే, ఊరుకోకుండా, "ఆయన సంగతి చెప్పండి ముందు" అని అడగండి. అలా అడిగేవాళ్ళు వీధికి ఇద్దరున్నా ఆ ఇంటి ఇల్లాలు తలుపు తీసుకుని నీళ్ళకి రాగలుగుతుంది.